ఏడో మెట్టు

ఆదివారం తెల్లవారేసరికి కూడా ఆ ఇంట్లో ఎవరి పంతం వాళ్ల దగ్గరే భద్రంగా ఉంది.

మెట్ల కింద, ఆ ఇంటి అబ్బాయి చిట్టి సర్దుకున్న సూట్‌కేసు ప్రయాణానికి తయారై నిలబడింది. గురువారం సాయంత్రం అక్కతో పోట్లాడి, "సరే, నేనే పోతాను" అన్నవాడు శుక్రవారం పోలేదు, శనివారం పోలేదు. అమ్మ ఒక్క మాట అంటుందేమోనని చూశాడు. ఆవిడ ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఏ సగానికి అంగీకరించిందో తెలియక వాడు రోజుకి రెండు చొక్కాల చొప్పున సర్దుతూ కాలక్షేపం చేశాడు.

ఆ అమ్మని వీధిలో అందరూ టేపమ్మ అంటారు. ఇంటి కింది గదిలో ఆవిడకి ఆల్టరేషన్ల దుకాణం ఉంది. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్లు లేరు. భర్త పోయిన రోజున కూడా అది మెడలోనే ఉందని, పలకరించడానికి వచ్చినవాళ్లలో ఇద్దరు వెళ్తూ వెళ్తూ తమ ప్యాంట్ల సంగతి అడిగారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

గొడవంతా గురువారం కూతురు తెచ్చిన ఫొటోతో మొదలైంది. అల్లుడి ఆఫీసులో ఒకరి ఫోన్లోంచి ఇంకొకరి ఫోన్లోకి తిరిగి తిరిగి అది చివరికి అల్లుడి చేతికే వచ్చిందట. సినిమా హాల్లో, తెర ముందు, గులాబీ రంగు చమ్కీల గౌను వేసుకుని, జానెడు ఎత్తు విగ్గు పెట్టుకుని, చెయ్యి గాల్లోకి ఎత్తి నిలబడ్డ చిట్టి. పక్కన అదే వేషంలో ఇంకో ఇద్దరు మగవాళ్లు. అందులో ఒకాయన చిట్టి పనిచేసే కళ్లజోళ్ల దుకాణం యజమాని, అరవై ఏళ్ల మనిషి.

ఆ పాత హాల్లో ఆదివారం మధ్యాహ్నం ఒకే సినిమా వేస్తారు. దాని అసలు పేరు ఎవరికీ పట్టలేదు, మెరుపుల సినిమా అనే అంటారు. బట్టలుతికే దుకాణంలో పనిచేసే ముగ్గురు ఆడపిల్లలు కలిసి పాడడం మొదలుపెట్టి, పేరు తెచ్చుకుని, మెరిసే గౌన్లు తొడుక్కుని, పోట్లాడుకుని విడిపోయి మళ్లీ కలిసే కథ. వచ్చిన కొత్తలో మూడు వారాలాడి పోయింది. ఇరవై ఏళ్ల తరవాత ఎవరు తవ్వి తీశారో గాని, అప్పటినుంచీ ఆదివారం వస్తే హాలు నిండిపోతుంది. జనం ఆ వేషాలే వేసుకొచ్చి తెర మీదవాళ్లతో కలిసి పాడతారు. ఈ ఆదివారం ఆఖరి ఆట. రేపటి నుంచి అక్కడ సోఫాలు అమ్ముతారట.

ఆ సినిమాకి బట్టలు కుట్టినవాళ్లలో టేపమ్మ ఒకతె. అప్పుడావిడకి ఇరవై ఆరేళ్లు. చిట్టి కడుపున పడ్డాడని ఆ పని మానేసిందని పిల్లలిద్దరికీ తెలుసు. ఆవిడే చెప్పింది. అది నిజం కాదని మాత్రం ఆవిడకొక్కదానికే తెలుసు.

ఫొటో చూడగానే ఆవిడకి గుండె ఆగినంత పనైంది, కాని కూతురు అనుకున్న కారణానికి కాదు. కొడుకు గౌను తొడుక్కోవడం ఆవిడకి రెండో సంగతి. మొదటి సంగతి ఏమిటంటే, అది మూడో పిల్ల గౌను.

మూడో పిల్లకి కొలతలు తీసుకున్నది టేపమ్మే. ఎత్తు మడమల జోళ్లు వేయించి, నిలబెట్టి, నేల దగ్గర్నుంచి కొలిచింది. తీరా షూటింగు రోజున ఆ అమ్మాయి పాదాలు వాచి ఆ జోళ్లు పట్టలేదు. ఎవరో మడమలు తక్కువగా ఉన్నవి తెచ్చి తొడిగారు. గౌను ముందు వైపు రెండు వేళ్ల వెడల్పు నేలకి దిగిపోయింది. టేపమ్మ గుండుసూదులు పట్టుకుని పరిగెత్తింది గాని అప్పటికే పాట మొదలైపోయింది. పై నుంచి దిగుతూ ఏడో మెట్టు మీద ఆ పిల్ల తూలి, పక్కపిల్ల భుజం పట్టుకుని, పాట ఆపకుండా దిగింది. ఆ మెట్ల సెట్టు సాయంత్రానికి విప్పెయ్యాలి, ఇంకోసారి తియ్యడానికి వీల్లేదు. కుట్టడం రానివాళ్లని ఎవరు పిలిచారయ్యా అని డైరెక్టరు మైకులోనే అడిగాడు. సెట్టులో ఉన్న మూడొందల మందీ విన్నారు.

మర్నాడు ఆవిడ పనికి వెళ్లలేదు, ఆ సినిమా చూడనూ లేదు. చిట్టి కడుపున పడింది ఆ తరవాత నాలుగు నెలలకి. పనెందుకు మానేశావని ఎవరో అడిగితే నోటికి అందిన కారణం చెప్పింది. ఒకసారి చెప్పిన అబద్ధం పెంపుడు పిల్లిలా ఇంట్లో తిరగడం మొదలుపెట్టాక దాన్ని తరమడం ఎవరి తరం?

దొరికిపోయాక ఇంక దాపరికం దేనికని చిట్టి గౌను తెచ్చి దుకాణంలోని బొమ్మకే తొడిగి పెట్టాడు. మూడు రోజులుగా టేపమ్మ దాని పక్కనుంచి తల తిప్పుకుని నడుస్తోంది. ఆదివారం పొద్దున మాత్రం ఇస్త్రీ చేద్దామన్న వంకతో దగ్గరికి వెళ్లి, తిప్పి లోపలి కుట్లు చూసింది. మనిషి లోపలేముందో తెలియకపోవచ్చు గాని గౌను లోపలేముందో ఆవిడకి తెలుసు. చంక కింద కుట్టు ముడత లేకుండా వచ్చింది. నడుముకి వంపు తెచ్చే డార్టులు ఆవిడ వేసినట్టే ఉన్నాయి. పెట్టెలో దాచిన ఆ గౌను పాత కటింగు కాగితం వీడి చేతికి ఎప్పుడు చిక్కిందో.

ముందు అంచు చూసి అక్కడే చతికిలబడింది. రెండు వేళ్లు ఎక్కువుంది. అచ్చంగా అవే రెండు వేళ్లు.

మెట్ల దగ్గర వాడి జోళ్లు చూసింది. మడమలు తక్కువవే. పాపం, పాత కాగితం చూసి తప్పుతో సహా దించేశాడనుకుంది. హాలు నిండా జనం, ఆఖరి ఆట, వీడు మెట్లు దిగుతాడు, తను చేసిన తప్పుకి తన కొడుకు బోర్లా పడతాడు. కొడుకుతో నోరు విప్పి చెప్పలేని మాట చేత్తో చెబుదామనిపించింది.

అంచు మడిచి కుట్టొచ్చు. బద్ధకస్తులైతే అదే చేస్తారు. కాని ఇన్ని చమ్కీలున్న గుడ్డ మడిస్తే బరువు ముందుకి లాగుతుంది. అందుకని మూడుసార్లు కొలిచి, కత్తిరించి, సన్నగా హెమ్మింగు చేసింది. గంట పట్టింది. గురువారం నుంచి ఆవిడ మనసు కుదుటపడింది ఆ గంటసేపే. గౌను కవర్లో పెట్టి జిప్పు వేసి సూట్‌కేసు మీద ఉంచింది.

పదింటికి కూతురు వచ్చింది. ఆ పిల్ల కూడా నిద్ర సరిగ్గా పోయినట్టు లేదు. స్టూలు మీద కూర్చుని, ఇచ్చిన టీ చల్లారేదాకా కప్పు చుట్టూ వేలు తిప్పింది. ఆయన ఆఫీసులో వాళ్లు ఏమంటున్నారో, అత్తగారు పైకి అనకుండా ఏమంటోందో చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరితోనూ అనలేకపోతున్నానంది. అంతా విని టేపమ్మ టీ వేడి చేసి మళ్లీ ఇచ్చింది.

"వాడెలాంటివాడో నాకు వాడి పదో ఏటే తెలుసమ్మా," అంది కూతురు. "నా బాధ అది కాదు. నాలుగొందల మంది ముందు నిలబడ్డాడు, నాకు మాత్రం చెప్పలేదు."

చిట్టి అప్పుడే మెట్లు దిగుతున్నాడు. ఆ మాట విన్నాడు.

"చెప్తే ఏం చేసేదానివక్కా?"

"ఏమో. కనీసం మీ బావ ఫోన్లో చూసి తెలుసుకునేదాన్ని కాదు."

"చెప్పడానికి నాలుగైదుసార్లు మీ ఇంటికొచ్చాను. వచ్చినప్పుడల్లా నువ్వు నాకు సంబంధాలు చూపించావు."

కూతురు కప్పు కింద పెట్టింది. జవాబు లేనప్పుడు మనుషులు పాత ఆయుధం తీస్తారు. ఆ ఇంట్లో ఆ ఆయుధం చిన్నప్పటినుంచీ ఒకటే. బొమ్మ విరగ్గొట్టినా, పరీక్ష తప్పినా చిట్టి మీదికి అదే వచ్చేది.

"అమ్మ ఎలాంటి పని చేసేదో తెలుసా నీకు? నువ్వు కడుపున పడ్డావని అదంతా వదులుకుని ఈ గదిలో ప్యాంట్లు కురచ చేసుకుంటూ కూర్చుంది. నీ వల్ల వదులుకున్న గౌను నువ్వే తొడుక్కుని గంతులేస్తున్నావు."

చిట్టి ఆఖరి మెట్టు దిగాడు.

"తెలుసు," అన్నాడు. "ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. అందుకే అది కుట్టాను."

ఇద్దరూ తల్లి వైపు చూశారు. కాదు అన్న రెండక్షరాలు ఆవిడ నాలుక చివరిదాకా వచ్చాయి. అవి బయటికొస్తే వాటి వెనక ముప్పై ఏళ్లు బయటికి రావాలి. మింగేసింది.

"చంక కింద కుట్టు బాగా వచ్చింది. ఎవరు నేర్పారు?" అంది.

కూతురు నుదురు పట్టుకుంది. చిట్టి నీరసంగా నవ్వాడు.

"నువ్వే. మిషను కింద కూర్చునేవాణ్ణి కదా."

సూట్‌కేసు ఒక చేత్తో, కవరు ఇంకో చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. కవరు విప్పి చూడలేదు. ఆట అయ్యాక అటునుంచి అటే కళ్లజోళ్లాయన మేడ మీది గదికి పోతానని గుమ్మంలో చెప్పాడు. వాడు తిరిగొచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలనని కూతురు మేడ ఎక్కి పడుకుంది. టేపమ్మ కింద ఒంటరిగా కూర్చుని, ఆదివారమైనా సరే, ఎవరిదో ప్యాంటు విప్పడం మొదలుపెట్టింది.

ఒంటిగంట దాటాక కళ్లజోళ్లాయన వచ్చాడు. పైన కోటు, చేతిలో ఒక సంచి, మొహాన సగం వేసిన రంగు. ఈ ఇంటి గుమ్మం తొక్కడానికి ఆయనకి మొహం చెల్లనట్టే ఉంది గాని సంచిలోని గౌను జిప్పు తెగిపోయింది. ఆదివారం తీసి ఉండే దర్జీ దుకాణం ఇంకెక్కడుంది? తప్పు జిప్పుది కాదని, తన నడుముదేనని ఆయనే ఒప్పుకున్నాడు.

టేపమ్మ పాత జిప్పు విప్పుతూ, తల ఎత్తకుండానే అడిగింది. అంతమంది అక్కడ చేరి ఎవరిని చూసి నవ్వుతున్నారు?

"నవ్వుతామండీ, లేదనను. మనింటి మనిషిని చూసి నవ్వినట్టు," అన్నాడాయన. "బాగున్న సినిమా అయితే ఒకసారి చూస్తాం. బాగాలేకపోతే సగంలో లేచొస్తాం. ఇది ఆ రెండూ కాదు. పాపం ప్రాణం పెట్టి తీశారు, అన్నీ కాస్త ఎక్కువైపోయాయి. జుట్టు ఎక్కువ, ఏడుపు ఎక్కువ, తళుకులు ఎక్కువ. మాలాంటివాళ్లని చిన్నప్పటినుంచీ జనం అనే మాట కూడా అదే కదండీ, కొంచెం ఎక్కువ చేస్తున్నావురా అని. అందుకని ఆ సినిమా మాకు చుట్టం."

అందులో పెద్దపిల్ల గుండె పగిలి ఏడుస్తూ, నా కన్నీళ్లక్కూడా మేకప్ వెయ్యండి, నేను స్టేజీ ఎక్కుతున్నాను, అంటుందట. ఆ మాటని హాలంతా ఒక్క గొంతుతో అంటారట. మొదట్లో అది విని పడీ పడీ నవ్వేవాణ్ణని, ఈమధ్య నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటున్నానని ఆయన చెప్పాడు. ఎక్కడ నవ్వు ఆగి ఎక్కడ ఏడుపు మొదలవుతుందో కళ్లజోడు పెట్టుకుని చూసినా కనపడదన్నాడు.

"ఆ మూడో పిల్ల," అంది టేపమ్మ. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "మెట్ల మీద."

ఆయన మొహం వెలిగిపోయింది.

"అసలు అదేనండీ. ఏడో మెట్టు మీద ఆ పిల్ల తూలి పక్కపిల్ల భుజం పట్టుకుంటుంది చూశారూ, అక్కడ హాలంతా లేచి నిలబడి ఒక్కసారిగా తూలుతాం. పక్కన ఎవరుంటే వాళ్ల భుజం పట్టుకుంటాం. మొహం తెలియక్కర్లేదు, పేరు తెలియక్కర్లేదు. యాభై ఏళ్లు వచ్చేదాకా నేనెవరి భుజం మీదా చెయ్యి వేసినవాణ్ణి కాదు. ఆ ఒక్క క్షణం కోసమే పదేళ్లుగా వస్తున్నాను. ఎంత ఆలోచించి పెట్టాడో గాని, ఆ డైరెక్టరు మహానుభావుడు."

"డైరెక్టరా," అంది టేపమ్మ.

"మరి ఎవరండీ?"

ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. ఇన్నేళ్లుగా నిద్ర పట్టనివ్వని ఆ రెండు వేళ్ల గుడ్డని నాలుగొందల మంది పండగ చేసుకుంటున్నారు, ఆ పేరు కూడా ఆ డైరెక్టరు ఖాతాలోకే పోయింది. ఏడవాలో నవ్వాలో ఆవిడకి తెలియలేదు.

ఆయన తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. చిట్టి మూడో పిల్ల వేషం కట్టిన కొత్తలో తూలినట్టు నటించేవాడట. జనం ఒప్పుకోలేదు, అక్కడ దొంగ తూలుడు చెల్లదు. నిజంగా గౌను కాలికి తగలాలి, నిజంగా పక్కవాడి భుజం అందాలి. అందుకని వాడు పాత కటింగు కాగితం సంపాదించి, ఆర్నెల్లు కూర్చుని, జోళ్లతో సహా కొలిచి, ముందు అంచు రెండు వేళ్లు ఎక్కువ పెట్టి కుట్టుకున్నాడు.

"ఇది మా అమ్మ కుట్టిన గౌనని ప్రతివాడికీ చెప్తాడండీ. ఒకసారి మిమ్మల్ని పిలుచుకు రారా అంటే, వద్దు, నా వల్ల వదులుకుంది, గుర్తు చెయ్యకూడదు అన్నాడు," అన్నాడు కళ్లజోళ్లాయన.

ఆవిడ జిప్పు వేసి, దారం కొరికి, గౌను ఆయన చేతిలో పెట్టింది. తను వెనకాల వస్తానని, చిట్టికి ఏమీ చెప్పొద్దని అంది. అంచు కోసేసిన సంగతి అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేదో గాని, తప్పు సరిచేశాకే నోరు విప్పడం ఆవిడకి అలవాటు. మెట్ల పాట ఎప్పుడొస్తుందని అడిగితే, మూడింటికి ఆట, ఇంటర్వెల్ కాగానే ఆ పాటే అన్నాడు. గౌన్లు తొడుక్కునేది కూడా ఇంటర్వెల్లోనేనట.

టైముందిలే, మళ్లీ అతికెయ్యొచ్చు అనుకుని కోసిన ముక్క కోసం ముక్కల బుట్ట కింద పోసి వెతికింది. దొరికింది గాని కోసిన చోట పూసలూ చమ్కీలూ రాలిపోయాయి. అవి మళ్లీ ఎక్కించకపోతే అతుకు దూరం నుంచే కనిపిస్తుంది. ఆ మనిషికి అతుకు కనపడకూడదు, అదొక జబ్బు. ఒక్కొక్కటే ఎక్కిస్తూ కూర్చుంది. మూడున్నర దాటాక తేరుకుని చిట్టికి ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. ముక్క మడిచి పట్టుకుని, సూదులు జాకెట్టుకి గుచ్చుకుని, మెడలో టేపుతో వీధిన పడింది.

హాలు బయట కూడా జనం కిక్కిరిసి ఉన్నారు. ఆఖరి ఆట కదా, టిక్కెట్లు లేనివాళ్లు వినపడితే చాలని గోడకి ఆనుకుని నిలబడ్డారు. గేటు దగ్గర మనిషి ఆవిడని వెళ్లనివ్వలేదు. ఫలానావాడి తల్లినని చెప్పింది, వినలేదు. దర్జీని, గౌను సరిచెయ్యాలి, అని టేపు చూపించింది. వెంటనే పక్క తలుపు తీశాడు.

తెర పక్కనున్న సందులోకి ఆవిడ చేరేసరికి పాట మొదలైపోయింది.

తెర మీద ఎప్పటిదో ఆ మెట్ల సెట్టు, ఆ ముగ్గురు పిల్లలు. పూసలు మెరిసిపోతున్నాయి. ఎంత చిన్నపిల్లలు వాళ్లు, అనుకుంది. తెర ముందు చెక్క మెట్లు. వాటి మీద కళ్లజోళ్లాయన, ఇంకొకాయన, చిట్టి. హాల్లో నర్సు బట్టలు మార్చుకోకుండా వచ్చిన ఒకమ్మాయి, ఆకుపచ్చ విగ్గు పెట్టుకున్న ముసలాయన, అట్టముక్కలకి జిగురుతో తళుకులంటించుకున్న కుర్రాళ్లు, అందరూ లేచి నిలబడి ఉన్నారు. నాలుగో మెట్టు, అయిదో మెట్టు అని పెదాలతోనే లెక్కపెడుతున్నారు.

ఏడో మెట్టు మీద తెర మీది పిల్ల తూలింది. నాలుగొందల మందీ ఒక్కసారిగా తూలారు. నేల అదిరింది. నర్సు ముసలాయన భుజం పట్టుకుంది. ముప్పై ఏళ్ల తరవాత టేపమ్మ ఆ తూలుడు మళ్లీ చూసింది. అది తన తప్పే. ఇంత ముద్దుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

చిట్టి తూలలేదు.

వాడి కాలు గౌనుకి తగలడానికి వెళ్లింది. అక్కడ గుడ్డ లేదు. పక్కన కళ్లజోళ్లాయన భుజం వంచి సిద్ధంగా ఉన్నాడు. చిట్టి చెయ్యి సగం దాకా లేచి ఆగింది. దొంగ తూలుడు చెల్లదు మరి. ఆవిడ కుట్టిన అంచు ఎంత సరిగ్గా ఉందంటే, వాడు మిగిలిన మెట్లన్నీ తిన్నగా, హాయిగా, ఒక్కడే దిగి కింద నిలబడ్డాడు. హాలంతా ఒకరినొకరు పట్టుకుని ఉంటే వాడి చుట్టూ ఎవరూ లేరు.

పాట పూర్తి చేశాకే సందులోకి వచ్చాడు. తల్లిని చూశాడు, చేతిలో ముక్క చూశాడు.

"నచ్చకపోతే పొద్దున్నే చెప్పాల్సిందమ్మా," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. కోపానికీ ఓపిక ఉండాలి కదా.

"నచ్చక కాదురా. పడతావని."

"పడడానికే కదా కుట్టుకున్నది."

"నాకేం తెలుసు?"

"అడిగితే తెలిసేది."

ఇంక దాచుకోవడానికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు. మడమల సంగతి, వాచిన పాదాల సంగతి, మైకులో డైరెక్టరు అన్న మాట, మర్నాడు తను వెళ్లకపోవడం, అన్నీ చెప్పింది. తెర మీద ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు, హాలు కూడా కలిసి ఏడుస్తోంది, మధ్యమధ్య ఆపి చెప్పాల్సి వచ్చింది. చిట్టి గోడకి ఆనుకుని విన్నాడు.

"అయితే నేను కడుపున పడ్డానని మానెయ్యలేదా?"

"నువ్వప్పటికి లేవు. నాలుగు నెలల తరవాత."

కొడుకు నెత్తి మీది బరువు దించేశానని, వాడి మొహం తేలిక పడుతుందని ఆవిడ ఆశగా చూసింది. వాడు విగ్గు తీసి స్టూలు మీద పెట్టాడు.

పరీక్ష తప్పినప్పుడల్లా, నాన్న పోయినప్పుడు, అమ్మ కళ్లు కనపడక సూదిలో దారం ఎక్కించమన్నప్పుడల్లా ఒకటే అనుకునేవాణ్ణన్నాడు, నేను పుట్టకపోతే అమ్మ ఎక్కడ ఉండేదో అని. ఆవిడ చెయ్యి చాపింది. వాడు వెనక్కి జరగలేదు గాని ముందుకీ రాలేదు.

"చిన్నప్పుడు చెప్పలేదు, సరే," అన్నాడు. "పొద్దున అక్క ఆ మాట నా మొహం మీదే అంది. నువ్వు పక్కనే ఉన్నావు. చంక కుట్టు గురించి మాట్లాడావు."

ఆవిడ చేతిలోని ముక్కని ఇంకో మడత మడిచింది.

"అక్కకి నువ్వే చెప్పు. ఈ రోజే. చెప్పాక ఫోన్ చెయ్యి, సూట్‌కేసు పట్టుకుని ఇంటికొస్తాను. చెప్పలేకపోతే మాత్రం చెయ్యకు."

మళ్లీ విగ్గు పెట్టుకుని, తల్లి వైపు చూడకుండా ఆఖరి పాటకి వెళ్లిపోయాడు.

ఆవిడ ఆ పాట దాకా ఉండలేదు. పొద్దు వాలుతుండగా, వీధికి రెండేసి చోట్ల ఆగుతూ ఇంటికి నడిచింది. కూతురికి చెప్పడమంటే ఏమిటో దారంతా తెలుస్తూనే ఉంది. ముప్పై ఏళ్లుగా ఆ పిల్ల తమ్ముణ్ణి కొట్టిన కర్ర తనే చేతికిచ్చింది. ఇప్పుడు అది దొంగ కర్ర అని చెప్పాలి. చెబితే కొడుకు వస్తాడు. కూతురు ఉంటుందో, అదే గుమ్మంలోంచి వెళ్లిపోతుందో తెలియదు.

దుకాణంలో లైటు వెలుగుతోంది. కూతురు మిషను ముందు స్టూలు మీద కూర్చుని, తల్లి కింద పోసి వెళ్లిన గుడ్డముక్కలన్నీ ఏరి రంగుల వారీగా సర్దుతోంది. తల్లిని చూసి ఆగింది.

"వాడేడి? ఈ వేషాలు మానేస్తానన్నాడా?"

టేపమ్మ మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది. మెడ చల్లగా అనిపించింది.

"అమ్మడూ, కూర్చో. నీకొకటి చెప్పాలి."

"కూర్చునే ఉన్నాను కదమ్మా," అంది కూతురు.

నిజమే, నిలబడి ఉన్నది తనే.